నూట పది వోల్టులు

అల్ రాయ్ శుక్రవారం సంతలో, రేకుల షెడ్డు కింద,
ఒంటె జీనుకీ బెల్టు తెగిన ట్రెడ్‌మిల్లుకీ మధ్య
చాప మీద కూర్చుని ఉంది ఆంప్లిఫయరు,
ఎవరో అమెరికా మాస్టారు దేశం వదిలి పోతూ పారేసింది.
పక్కనే అరచేతంత ఆకుపచ్చ పెడల్. డిలే అట.
రెండూ కలిపి పాతిక దీనార్లన్నాడు సిరియా కుర్రాడు.
పని చేస్తుందా అంటే
ఆకాశం వైపు చెయ్యి చూపించాడు.

ప్లగ్గు చూస్తే రెండు చదును కాళ్ళది.
పదకొండేళ్ళుగా ఏసీలు విప్పుతున్నవాణ్ణి, నాకు తెలీదా?
ఇక్కడి గోడలో రెండొందల నలభై, దీని ఒంటికి నూట పదే.
నేరుగా పెడితే ఒక్క మాట మాట్లాడి చచ్చిపోతుంది.
ట్రాన్స్‌ఫార్మరుకి ఇంకో ఎనిమిది.
"గేదె కన్నా దాణాకే ఎక్కువయ్యేట్టుందిరా" అన్నాడు ఏసుపాదం,
తన డ్రమ్ము ప్యాడ్ల అప్పు ఇంకా తీర్చనివాడు.

అబ్బాసియాలో మా బిల్డింగు అడుగున నీళ్ళ పంపు గది.
పంపు మొదలైందా, శ్రుతి ఇక దానిదే.
అది ఆగాక మీటాను.
చెప్పొద్దూ, నచ్చలేదు.
గూడు కదిలిన కందిరీగల్లా గుంయ్‌మంది.
చెవి ఆనించి విన్నాను, కంప్రెసరుని వినే అలవాటు కొద్దీ.
జబ్బు కాదు. ఎర్తు లేదంతే.
రాగి తీగ ఒకటి గొట్టానికి చుడితే ఊరుకుంది.
ఊరుకున్నాక అసలు గొంతు బయటికొచ్చింది:
కాస్త బొంగురు, పైన నెయ్యి మరకలాంటి మెరుపు,
గట్టిగా మీటితే మాత్రం
కొత్త తోలుచెప్పులా అంచున కరుస్తుంది.

పెడల్ బొత్తాల చుట్టూ తెల్ల సిరా గీతలు,
ముందటి చెయ్యి పెట్టుకున్న గుర్తులు.
ఒకదాని పక్కన సగం చెరిగిన పేరు, పాటదో పిల్లదో.
వారం రోజులు వాటిని కదపలేదు.
అద్దె గదిలో పాత మేకులకే చొక్కా తగిలించుకున్నట్టు
ఆయన ఆలస్యంలోనే వాయించాను.
"దీనికి డబ్బులెందుకురా,
మా కంపెనీలో డిలే ఊరికే ఇస్తారు, మూణ్ణెల్లది"
అన్నాడు కీబోర్డు ఇలియాజరు.
నవ్వాం. ఫిబ్రవరి జీతం వాడికి మేలో వచ్చింది.

కరుణమ్మది రాజోలు దగ్గర. ఖైతాన్‌లో ఒకరింట్లో ఆరుగురు పిల్లల్ని చూస్తుంది.
శుక్రవారం మూడు గంటలు వదులుతారు, గంట దారికే సరి.
బేసు మాది, వేళ్ళు ఆవిడవి.
సబ్బు నీళ్ళకి చర్మం పలచబడి
తీగ మీద మొదటి పది నిమిషాలూ ఇస్సుమంటుంది,
తర్వాత మరిచిపోతుంది.
"ఆ పచ్చదాన్ని నాకూ ఓసారి ఇయ్యండి" అంది.
వైరు మార్చి ఇచ్చాను.
చెప్పు విడిచి, కాలి బొటనవేలితో నొక్కింది,
జ్వరం తగ్గిందేమోనని పసిదాని ఒళ్ళు తాకినట్టు.
లావు తీగ. ఒకే దెబ్బ.
గది గోడలు వెనక్కి జరిగాయి.
మళ్ళీ వచ్చింది ఆ స్వరం. మళ్ళీ.
"అబ్బో" అంది,
"నేను చేసిన పనే ఎవరో మళ్ళీ చేసిపెడుతున్నారే!"

పైన రోడ్డు మీద హారను, రెండుసార్లు. మేడమ్ డ్రైవరు.
చెప్పు వెతుక్కుంది, ఫోను వెతుక్కుంది,
వెళ్తూ వెళ్తూ ఇంకొక్కసారి మీటి
మెట్లెక్కేసింది.

ఆవిడ లేదు, స్వరం వస్తూనే ఉంది,
తలుపు చప్పుడు మీదుగా, కారు కదిలిన చప్పుడు మీదుగా,
ఒక్కో మెట్టు పలచబడుతూ.
ఇలియాజరు చెయ్యి కీబోర్డు దాకా వెళ్ళి ఆగింది.
ట్రాన్స్‌ఫార్మరు ముట్టుకుంటే కాలేలా ఉంది, కట్టెయ్యాలి.
కట్టలేదు.